తోపుతాళం

లెక్క, మొదటి రోజు

స్టాండు నంబరు నలభై ఒకటి, జీడికొండ. కాపలా: నూకరత్నం. సైకిళ్ళు ఇరవై రెండు. అన్నీ బాగున్నాయి.

మామూలు రోజుల్లో ఇంత రాసి పుస్తకం మూసేస్తాను. ఈ పదిహేను రోజులు మాత్రం చూసింది చూసినట్టు రాయాలట, అనుమానం వస్తే అనుమానం కూడా రాయాలట. నిధి సంఘం నుంచి కాగితం వచ్చింది. అనుమానాలు రాయమంటే నాకు ఈ పుస్తకం చాలదు.

చేతిరాతకి మా నీలిరేవులో విలువుంది. ఊరి లెక్కల యంత్రం గణకం జ్ఞాపకమంతా సముద్రం పాలైన ఏడాది, ఎవరి ఇల్లు ఎక్కడుండేదో, ఎవరు ఎవరి పిల్లలో కాపలావాళ్ళ పుస్తకాలు చూసే తేల్చారు. అప్పట్నుంచి యంత్రం ఒకటి చెప్పి పుస్తకం ఇంకోటి చెబితే పుస్తకం మాటే చెల్లుతుంది. ఈ ఊళ్ళో ఇరవై ఆరేళ్ళుగా రాస్తున్నాను. నా పుస్తకంలో తప్పుందని ఇంతవరకు ఒక్కడూ అనలేదు.

సంగతేమిటంటే, ఊరి సైకిళ్ళకి మోటార్లు పెట్టి కొత్త స్టాండ్లు వేయడానికి ప్రజానిధి తెరుస్తున్నారు. ఉన్న డెబ్భై స్టాండ్లకీ ఒకేసారి సరిపోదు. ముందు పద్నాలుగింటికి ఇస్తారు. ఎవరికి ఎక్కువ అవసరమో ఈ పదిహేను రోజుల లెక్క చూసి గణకం చెబుతుంది. ఇంత ఎత్తు కొండకి ఇవ్వకపోతే ఇంకెవరికిస్తారు? అయినా నాకు నమ్మకం లేదు. అవసరాన్ని లెక్కపెట్టేవాళ్ళు ఎప్పుడూ చల్లటి గదిలో కూర్చుని ఉంటారు.

ముత్యాలు గురించి కూడా రాయాలి. నా చెల్లెలు. ఉప్పు ప్లాంటులో పంతొమ్మిదేళ్ళు పొడి పీల్చింది. ఇప్పుడు పది అడుగులు ఎత్తెక్కితే పెదాలు నీలం తిరుగుతాయి. రోజు విడిచి రోజు కింద ఆస్పత్రిలో ఆవిరి పట్టించుకోవాలి. దిగేటప్పుడు నా వెనక కూర్చుంటుంది. ఎక్కేటప్పుడు సీటు మీద కూర్చోబెట్టి ఇద్దరం తోస్తాం. నేనొకదాన్ని, వంతు ప్రకారం కొండమీది ఇంకో ఇంటివాళ్ళు ఒకరు. ఇది ఆస్పత్రివాళ్ళకి నచ్చలేదు. నెలాఖరుకల్లా జీడికొండకి మోటారు సైకిళ్ళు ఖాయం కాకపోతే ముత్యాల్ని రేవు గదుల్లో పెట్టేస్తామన్నారు. పోటు వచ్చినప్పుడల్లా నేల తడిసే గదులవి. అక్కడికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ ఇంటికొచ్చింది నేను చూడలేదు.

రెండో రోజు

సైకిళ్ళు ఇరవై రెండు. గాలి కొట్టాను. చైన్లకి జీడినూనె రాశాను. ఒకదానికి బ్రేకు కాస్త వదులుగా ఉంటే బిగించాను. పొద్దున్న ఏడింటికల్లా దాదాపు అన్నీ దిగిపోయాయి.

మా కొండ మీద పద్ధతి తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. పొద్దున్న పనికి పోయేవాళ్ళు వేలిముద్ర వేసి తాళం తీసుకుని దిగుతారు. దానికి ఒక ప్రయాణం తగ్గుతుంది. పనిచేసే మనిషికి నెలకి ముప్పై ప్రయాణాలే ఇస్తారు, అవి దిగడానికే సరిపోతాయి. సాయంత్రం పని అయ్యాక ఎవరూ తొక్కరు. ఆ ఎత్తు తొక్కడం ఎవడి తరమూ కాదు. తలా ఒక సైకిలు తోసుకుంటూ నడిచొస్తారు, మర్నాడు కొండమీద సైకిళ్ళుండాలి కదా. తోసేదానికి ప్రయాణం ఎందుకు పోగొట్టుకోవాలని, వేలిముద్ర లేకుండానే తోపుతాళంతో తీస్తాం. ఆ తాళంచెవి నా దగ్గర ఒకటి, కింది స్టాండు కాపలా గవరయ్య దగ్గర ఒకటి ఉన్నాయి. సాయంత్రం అతను వరసగా తీసి ఇస్తాడు, వీళ్ళు తోసుకొస్తారు. ఎక్కని సైకిలుని ఎక్కినట్టు రాయించుకోవడం మా వాళ్ళకి నామోషీ.

మధ్యాహ్నం గణకం మొదటి చీటీ పంపింది. ఇలాంటి చీటీ ఇదివరకు ఎప్పుడూ రాలేదు, లెక్క కోసం కొత్తగా పెట్టారు.

"స్టాండు 41. నిన్న దిగువకు ప్రయాణాలు ఇరవై. ఎగువకు ప్రయాణాలు సున్న. మరమ్మతులు ఇరవై."

నా ఒళ్ళు మండిపోయింది. నా చేతికింద సైకిలు రోజుకి ఇరవైసార్లు పాడవుతుందా? ఇదెవరి పనో తేల్చాలి.

మూడో రోజు

సైకిళ్ళు ఇరవై రెండు. అన్నీ బాగున్నాయి. ఒక్కొక్కటీ తలకిందులు చేసి చూశాను. నిజంగానే బాగున్నాయి.

చీటీ: మరమ్మతులు పంతొమ్మిది.

అయిదో రోజు

లెక్కల అధికారి వచ్చింది. పేరు హైమ. ముప్పై ఏళ్ళుంటాయేమో. కొండంతా నడిచే ఎక్కింది. రొప్పుతూనే సైకిళ్ళ దగ్గర గొంతుక్కూర్చుని చక్రాలు తిప్పి చూసింది. అలా నడిచొచ్చి మంచితనం చూపించేవాళ్ళంటే నాకు మరీ అనుమానం.

"ఇంత శుభ్రంగా ఉన్నాయి కదమ్మా, రోజుకి ఇరవై మరమ్మతులు ఎలా వస్తున్నాయి?" అని అడిగింది.

"నానూ అదే అడుగుతున్నాను. మీ గణకానికి పిచ్చి గానీ ఎక్కిందేటి?"

"గణకం తనంతట తను ఏమీ రాయదమ్మా. స్టాండులో తాళం తిరిగితేనే రాస్తుంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి మీకు. వారం మరమ్మతులన్నిటికీ కలిపి కార్ఖానా నుంచి ఒక సరుకు సంచీ వస్తుంది. బ్రేకు కట్టలు, చైన్లు, ట్యూబులు. మీకు అందుతున్నాయా?"

నాకు ఒక్క సంచీ కూడా అందలేదు. అదే చెప్పాను. హైమ నా మొహం వంక చూసి ఏదో రాసుకుంది.

"ఇన్ని మరమ్మతులుంటే మోటార్లు ఇవ్వరు. మామూలు సైకిలే నిలవని చోట మోటారేం నిలుస్తుందంటారు. మీ చెల్లెలి సంగతి విన్నాను, అందుకే ముందుగా చెబుతున్నాను" అని దిగిపోయింది.

చీటీలో ఆ ఇరవై అంకె చెరిగిపోకపోతే ముత్యాలు నాకు దక్కదు.

ఆరో రోజు

సైకిళ్ళు ఇరవై రెండు. అన్నీ బాగున్నాయి. ముత్యాల్ని ఆవిరికి దింపి, అది లోపల ఉండగా గవరయ్య స్టాండుకి వెళ్ళాను.

గవరయ్య నాకన్నా పదిహేనేళ్ళు చిన్న. మాట తక్కువ. నన్ను అక్కలా అప్పా అంటాడు. స్టాండులో లేడు, పంపు దగ్గర నీళ్ళకి వెళ్ళాడు. వెనక కొట్టు తలుపు దగ్గరగా వేసి ఉంది. తీసి చూశాను.

నేల నుంచి కప్పుదాకా సంచీలు. అన్నీ కార్ఖానా సంచీలే. ఒకదాని మీద ఒకటి, గోడ కనిపించకుండా పేర్చి ఉన్నాయి. ముందున్నదాని మీద అచ్చు చదివాను. "స్టాండు 41."

గవరయ్య నీళ్ళబిందెతో వచ్చి నన్ను చూసి ఆగిపోయాడు.

"ఏటప్పా, ఏటి కావాలి?"

"ఏటీ లేదు. మంచినీల్లకొచ్చినాను."

బిందె దించి గ్లాసుతో ఇచ్చాడు. నేను తాగాను. అతని వంక చూడలేకపోయాను. అతనూ కొట్టు వంక చూసి నేల వంక చూశాడు.

ఇప్పుడు రాస్తున్నాను. గవరయ్య కొట్లో జీడికొండ పేరు మీద వచ్చిన సరుకు గుట్టలుగా ఉంది. పాడవని సైకిళ్ళకి మరమ్మతు రాయించి సరుకు తెప్పించుకుంటున్నాడు. అది ఎవరికి అమ్ముతున్నాడో అతన్నే అడగాలి.

ఎనిమిదో రోజు

సైకిళ్ళు ఇరవై రెండు. అన్నీ బాగున్నాయి.

ఆస్పత్రి ఎదురుగా టీ బడ్డీలో కూర్చుని గవరయ్య స్టాండు చూశాను. పదిన్నరకి దిగువ వార్డు పెద్ద ఒకాయన వచ్చాడు. వాళ్ళ వార్డుకీ నిధి కావాలి. గవరయ్య ఆయనతో చాలాసేపు మాట్లాడాడు, నవ్వాడు కూడా. నాతో ఏనాడూ అంతసేపు మాట్లాడింది లేదు. ఆయన వెళ్ళేటప్పుడు గవరయ్య చేతిలో ఏదో పెట్టాడు. పొట్లంలా ఉంది. బెల్లం కావచ్చు, ఇంకేమైనా కావచ్చు.

మా కొండకి నిధి రాకుండా చేయడానికి దిగువ వార్డువాళ్ళు గవరయ్యని కొనేశారు. గవరయ్య దొంగ అని నా నమ్మకం. ఆలోచించుకునే రాస్తున్నాను.

తొమ్మిదో రోజు

ముత్యాలుకి చదివి వినిపించాను. అది మంచంలో లేచి కూర్చుంది.

"గవరయ్య అలాటోడు కాదే. నాను సీటుమీద జారిపోతే పట్టుకున్నోడు. తప్పు రాసినావు."

"నీకు అందరూ మంచోల్లే. అందుకే నీ ఊపిరితిత్తులు అలాగయ్యాయి. ప్లాంటోల్లు గుడ్డ కట్టుకుంటే సాలన్నారు, నువ్వు నమ్మినావు."

ముత్యాలు గోడ వైపు తిరిగి పడుకుంది. అనకూడని మాట అన్నానని నాకు వెంటనే తెలిసింది. అయినా పుస్తకంలో రాసింది కొట్టేయలేదు, కొట్టివేతలు చెల్లవని రూలు. సాయంత్రం గంజి కాచి ఇచ్చాను, తాగింది.

పదకొండో రోజు

హైమ వచ్చి పుస్తకం తీసుకుని, కూర్చుని మొత్తం చదివింది. ఆరో రోజు పేజీ దగ్గర ఆగి మళ్ళీ చదివింది. ఎనిమిదో రోజు పేజీకి నకలు తీసుకుంది.

"మీరు ఖాయంగా చెబుతున్నారా అమ్మా?"

"నా పుస్తకంలో ఏనాడైనా తప్పుందేటి?"

"లేదు. అందుకే అడిగాను" అంది.

ఎల్లుండి సభ. గవరయ్యని పిలిపిస్తున్నారు.

పదమూడో రోజు

సభ పాత ఓడల షెడ్డులో జరిగింది. డెబ్భై స్టాండ్ల కాపలావాళ్ళం వచ్చాం. నిధి సంఘం ముగ్గురు బల్ల వెనక కూర్చున్నారు, ముందు హైమ నిలబడింది. మా కొండవాళ్ళు పనులు మానుకుని వచ్చారు. ముత్యాల్ని ముందువరసలో కూర్చోబెట్టాను.

మా స్టాండు వంతు రాగానే హైమ నా పుస్తకం తెరిచి చదివింది. గుట్టలుగా సరుకు అన్నది చదివింది. దిగువ వార్డువాళ్ళు కొనేశారన్నది చదివింది. "గవరయ్య దొంగ అని నా నమ్మకం. ఆలోచించుకునే రాస్తున్నాను." నా మాటలు ఇంకొకరి నోట్లోంచి, అంతమంది ముందు అంత పెద్దగా వినిపిస్తాయని నేనెప్పుడూ అనుకోలేదు. దిగువ వార్డు పెద్ద లేచి, ఆ పొట్లం తన మనవరాలి అన్నప్రాశన మిఠాయి అని అరిచాడు. ఎవరో నవ్వారు.

"గవరయ్యగారూ, దీనికి మీరేమంటారు?" అని హైమ అడిగింది.

గవరయ్య లేచాడు. చొక్కా బొత్తాలు గొంతుదాకా పెట్టుకున్నాడు. నా వంక చూడలేదు, బల్లమీది పుస్తకం వంకే చూశాడు.

"పుస్తకంలో ఉన్నాది గదండీ. నానేటంతాను?"

సంఘం పెద్ద చెప్పాడు. గవరయ్య కాపలా పని పోతుంది, ఊళ్ళో ఉండడానికిచ్చే కార్డు రద్దవుతుంది. దొంగలెక్కలు కొట్టేస్తారు గనక నలభై ఒకటికి మచ్చ ఉండదు, మోటార్లకి పరిశీలిస్తారు. మా కొండవాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకూ చేతులు లేచాయి.

కొట్టేయబోయే లెక్కలు అందరూ చూడాలని హైమ వాటిని గోడమీద తెర మీదకి వేసింది. మరమ్మతులు, సమయాలతో సహా. సాయంత్రం అయిదూ ముప్పై ఆరు. అయిదూ ముప్పై ఎనిమిది. అయిదూ నలభై. నలభై ఒకటి. అన్నీ అయిదున్నరకీ ఆరున్నరకీ మధ్యనే. రోజు విడిచి రోజు మాత్రం మధ్యాహ్నం పన్నెండుంబావుకి ఒకటి ఎక్కువ.

పన్నెండుంబావు ముత్యాలు ఆవిరి అయ్యాక బయటికొచ్చే వేళ.

అప్పుడు గుర్తొచ్చింది. మా తోపుతాళం అసలు మరమ్మతు తాళం. పాడైన సైకిలుని వేలిముద్ర లేకుండా తీసి కార్ఖానాకి పంపడానికి ఇచ్చిన తాళం. పదకొండేళ్ళ కిందట నేనే రెండో చెవి చేయించి గవరయ్యకి ఇచ్చాను. నలభై ఒకటి చెవి గనక ఎక్కడ తిప్పినా మా స్టాండు పేరు మీదే పడుతుంది. "దీన్తో తీసి ఇత్తా ఉండు, మావోల్లకి ప్రయాణాలు మిగులుతాయి" అన్నాను. అతను ఏమవుతుందప్పా అంటే, ఏమీ అవదు, నేను చూసుకుంటానన్నాను. తోపుతాళం అని పేరు పెట్టింది కూడా నేనే. ఆ పేరుకి ఎంత అలవాటు పడ్డానంటే దాని అసలు పని మర్చేపోయాను. రోజూ మేం ఇరవైసార్లు ఆ తాళం తిప్పాం, అది ఇరవైసార్లు మరమ్మతు అని రాసుకుంది.

నోరు మూసుకుని కూర్చుంటే ముత్యాలు ఇంట్లో ఉంటుంది. చెబితే తప్పు స్టాండుది అవుతుంది, మోటార్లు పోతాయి. ఇది నేను ఆలోచించాను. ఎంతసేపో తెలియదు. ఆలోచించానని రాయకపోతే ఈ పుస్తకం అబద్ధం అవుతుంది. ముత్యాలు అప్పుడే నా వైపు తిరిగి చూసింది. దానికి తెర మీద పన్నెండుంబావు నాకన్నా ముందే కనిపించిందనుకుంటాను.

లేచాను.

"ఆడు దొంగ కాడు. ఆ తాళం నాది. నానే తీయమన్నాను" అన్నాను. తోపు సంగతి మొత్తం చెప్పాను.

హైమ మనుషుల్ని పంపి గవరయ్య కొట్టులో సంచీలు తెప్పించి లెక్కపెట్టించింది. రెండు గంటలు పట్టింది. పదకొండేళ్ళలో వచ్చిన సంచీలన్నీ ఉన్నాయి. ఒక్కదాని సీలు కూడా తీయలేదు.

"వెనక్కి పంపలేదేం?" అని అడిగింది హైమ.

"బండి కొండెక్కలేక నా కాడే దించేత్తాది. వెనక్కి పంపితే ఎందుకొచ్చినాయని అడుగుతారు గదండీ. అప్పకి మాటొత్తాది" అన్నాడు గవరయ్య.

పద్నాలుగో రోజు

తీర్పు చెప్పారు. నా కాపలా పని రేపటితో సరి. మరమ్మతు తాళాలు రెండూ తీసేసుకున్నారు. ఇకనుంచి ప్రతి సైకిలూ వేలిముద్రతోనే. జీడికొండ స్టాండుని కూడా గవరయ్యే చూసుకుంటాడు.

మోటార్ల సంగతి హైమ చెప్పింది. ఆ మరమ్మతులన్నిటినీ ఎగువ ప్రయాణాల కింద తిరగరాస్తే పదకొండేళ్ళలో ఎనభై వేల పైచిలుకు. ఊళ్ళో ఇంకే స్టాండుకీ అందులో సగం లేవు. ఎనభై వేలసార్లు మనుషులు తోసిన కొండకి అవసరం లేదని ఎవరంటారో లేవండి అని ఆమె సంఘం ముగ్గురినీ అడిగింది. ఎవరూ లేవలేదు. పద్నాలుగింటిలో మాది మూడోది. మూడు నెలల్లో వస్తాయి. ఆస్పత్రికి కాగితం రాసి ఇచ్చింది. ముత్యాలు ఇంట్లోనే ఉంటుంది.

హైమని నేను ఎన్ని అనుమానించానో అవి కూడా ఈ పుస్తకంలోనే ఉన్నాయి. ఆమె చదివింది. పుస్తకం జాగ్రత్తగా మూసి నా చేతికే ఇచ్చింది.

పదిహేనో రోజు

సైకిళ్ళు ఇరవై రెండు. అన్నీ బాగున్నాయి.

నిన్న తీర్పు వల్ల తప్పిన ఆవిరి ముత్యాలుకి ఇవాళ. దిగేటప్పుడు నా చివరి ప్రయాణం అయిపోయింది. పనిలో లేదు గనక ముత్యాలుకి అసలే లేవు, నెలాఖరు గనక తోయడానికి వంతు వచ్చిన ఇంటివాళ్ళూ ప్రయాణాలు అయిపోయి దిగలేదు. పన్నెండుంబావుకి దాన్ని బయటికి తీసుకొచ్చి స్టాండు ముందు నిలబడ్డాను. సైకిళ్ళు వరసగా ఉన్నాయి, ఒక్కటీ రాదు. ముత్యాలు గోడకి ఆనుకుంది.

గవరయ్య లోపల్నుంచి వచ్చాడు. మంచి సైకిలు ఒకటి చూసి, తన వేలిముద్ర వేశాడు. తాళం తెరుచుకుంది. ముత్యాల్ని భుజం పట్టుకుని సీటు మీద కూర్చోబెట్టి, హ్యాండిలు పట్టుకున్నాడు. నేను వెనక క్యారియర్ పట్టుకున్నాను. ఈ కొండకి అతను వంతు పడాల్సిన పని లేదు, అతని ఇల్లు దిగువన.

మొదటి మలుపు దాకా ఆపకుండా తోశాం. అక్కడ ముత్యాలు ఊపిరి తీసుకోవాలంది. ఆగాం. అడగకుండా ఉండలేకపోయాను.

"సభలో నోరెందుకు ఇప్పలేదురా? నాను అబద్ధం రాసినానని ఒక్క ముక్క అంటే సరిపోయేది గదా."

గవరయ్య చెమట తుడుచుకున్నాడు.

"నువ్వు రాసినావు గదప్పా. ఇన్నేల్లలో నీ పుస్తకంలో తప్పు సూణ్ణేదు నాను. నువ్వే రాసినావంటే నాకే తెలీకండా ఏదన్నా తీసినానేటో అనుకున్నాను. సభకి ముందురోజు పొద్దున్న కొట్టు తలుపేసుకుని సంచులన్నీ లెక్కెట్టుకున్నాను. రెండుసార్లు."

ముత్యాలు వెనక్కి చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకుంది. మళ్ళీ తోశాం. పైకి చేరేదాకా నేను ఏడుస్తూనే ఉన్నాను. గవరయ్య ముందు ఉన్నాడు గనక చూసి ఉండడు. చూసినా అతను అనేవాడు కాదు.

ఈ పుస్తకం ఇప్పుడు అతని చేతికి ఇచ్చేయాలి. బయట నిలబడి ఉన్నాడు.

ఆరో రోజున, ఎనిమిదో రోజున గవరయ్య గురించి నేను రాసినదంతా అబద్ధం. ఎవరూ రాయించలేదు, నేనే రాశాను. కొట్టేయకూడదు గనక ఆ మాటలు అక్కడే ఉంటాయి. ఎప్పటికైనా ఈ పుస్తకం తెరిచేవాళ్ళు దయచేసి ఈ పేజీ దాకా చదవండి.

నూకరత్నం, వేలిముద్ర.